కిక్కిరిసిన బస్సుపై విచారణ

"మన సంస్థలో కిక్కిరిసిన బస్సు అనేది లేదు, ఉండదు, ఉండబోదు!" అని పెద్దసారు ఉత్తర్వు జారీ చేశారు. ఆనాటి నుంచి కండక్టర్లు ట్రిప్ షీట్‌లో రాయదగిన మాటలు రెండే: ‘ఖాళీగా ఉంది’, ‘సర్దుకోవచ్చు’.

ఆ కండక్టరు పదహారేళ్లుగా ఎవరి జోలికీ పోని మనిషి. కానీ ఆ సోమవారం బస్సులో పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు! ఒక పెద్దాయన చెప్పులు ఎక్కాయి గానీ ఆయన ఎక్కలేకపోయాడు. "ముందుకు జరగండమ్మా!" అని కండక్టరు అరిస్తే, "ఇంకా జరిగితే డ్రైవరు ఒళ్లో కూర్చోవాలి నాయనా!" అందొక ఆవిడ. ఇక లాభం లేదని రెండు స్టాపుల్లో ఆపకుండా పోనిచ్చి, కారణం గడిలో ‘బస్సు కిక్కిరిసింది’ అని రాసేశాడు.

మర్నాడే నోటీసు! లేనిదాన్ని ఉన్నట్టు రాసినందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని.

"ఒక్క ముక్క కోసం కొంప మీదికి తెచ్చుకున్నారా? వెళ్లి కాళ్లావేళ్లా పడండి!" అని భార్య లబోదిబోమంది. కండక్టరుకూ గుండె జారిపోయింది. సరే, పొరపాటైందని ఒప్పేసుకుందామనే బయల్దేరాడు.

విచారణ గదిలో పెద్దసారుతో కలిపి నలుగురు అధికారులు, పలికిన ప్రతి మాటా రికార్డు చేసే టైపిస్టు ఒకడు. కండక్టరు వెనకే సాక్ష్యానికి ఆ పెద్దాయనా, ఆ ఆవిడా వచ్చారు. ముగ్గురూ గుమ్మం దాటారో లేదో పెద్దసారు కేకేశారు: "ఆగండాగండి! అందరూ ఎక్కడికి? గది కిక్కిరిసిపోయింది, ఊపిరాడటం లేదు!"

టైపిస్టు టకటకా కొట్టేశాడు.

కండక్టరు కాళ్ల మీద పడదామనే వంగినవాడు నిటారుగా లేచాడు. ఒళ్లు మండిపోయింది. "ఇక్కడ ఎనిమిది మందిమే సార్! నా బస్సులో నూటపద్దెనిమిది!"

అధికారులు గుసగుసలాడుకున్నారు. అరగంటలో తీర్పు వెలువడింది: ‘కిక్కిరియుట అనునది కూర్చున్నవారికి కలుగు ఇబ్బంది. నిలబడినవారికి వర్తించదు. కండక్టరు నిలబడియే విధులు నిర్వర్తించును గనుక, ఆ మాట వాడుటకు అతనికి అధికారము లేదు. క్షమాపణ పత్రముపై సంతకము చేసినచో ఉద్యోగము కొనసాగును.’

కండక్టరు పత్రం అందుకున్నాడు.

"సంతకానికి ఒక్క నిమిషం కూర్చోనా సార్?"

నలుగురూ తమ కుర్చీలు గట్టిగా పట్టుకుని ఒక్కసారే అరిచారు: "వద్దొద్దు!"