నూకరాజు అన్నప్రాశన

వేలంకపేటలో పిల్లలు పుట్టడం మానేశాక, అరవై దాటినా సంతానం లేని మనుషుల్ని మున్సిపాలిటీ వారు వంతులవారీగా మళ్లీ పుట్టిస్తున్నారు. ఆ శ్రావణమాసంలో వంతు రిటైర్డ్ బస్సు కండక్టరు నూకరాజుది.

ఇందులో వింతేమీ లేదు. ఊళ్లో ప్రసూతి ఆసుపత్రి ఉంది, డాక్టర్లున్నారు, నర్సులున్నారు, కాన్పులే లేవు. కాన్పులు లేకపోతే ఆసుపత్రి ఎత్తేస్తారు. ఆసుపత్రి ఎత్తేస్తే పక్కనున్న మందుల షాపు, ఎదురుగా కొబ్బరిబోండాల బండి, వీధి చివర బారసాల సామాన్లు అద్దెకిచ్చే కొట్టు వరసగా మూతపడతాయి. కమిషనర్ గారు ఇదంతా ఆలోచించి, ఐరోపాలో ఒక దేశానికి అధ్యయన యాత్ర వెళ్లొచ్చారు. అక్కడ ఊళ్లకి ఊళ్లు పిల్లల్లేక, బడుల్లో బల్లలు అమ్ముకుని, ఉయ్యాలతొట్టెల్లో పూలమొక్కలు పెంచుకుంటున్నారట. చివరికి, ఉన్నవాళ్లనే పుట్టిస్తే సరిపోతుంది కదా అనుకుని మొదలుపెట్టారట. పద్ధతి బ్రహ్మాండంగా నడుస్తోందని కమిషనర్ గారు చెప్పారు. ఆయన తిరిగొచ్చిన కొద్దిరోజులకే ఉత్తర్వులు వెలువడ్డాయి.

తల్లిదండ్రుల కేటాయింపుకీ ఒక పద్ధతుంది. పెళ్లై చాలాకాలమైనా పిల్లల్లేని, నడివయసు దంపతులకే బిడ్డను ఇస్తారు. కుర్ర జంటలకు ఇవ్వరు, ఇచ్చినా వాళ్లు పుచ్చుకోరు. ఫ్లాటు వాయిదాలు అయ్యాక చూద్దామని కొందరు, ముందు కుక్కపిల్లను పెంచి అలవాటు చేసుకుంటున్నామని కొందరు. వాళ్లని అనడానికేముంది లెండి, ఎల్‌కేజీ ఫీజు వింటే ఎవరైనా కుక్కపిల్లతోనే సరిపెట్టుకుంటారు. అందుకని నూకరాజును ఇందుమతికీ సత్తిబాబుకీ కేటాయించారు.

ఆ ఇద్దరూ కూరగాయల మార్కెట్ వెనక కర్రీ పాయింట్ నడుపుతారు. ఒకప్పుడు వాళ్ల కొట్టుకు జనం క్యారేజీలతో వచ్చి ఇంటిల్లిపాదికీ కూరలు పట్టుకెళ్లేవారు. ఇప్పుడు అందరూ ఒంటిమనిషి ప్యాకెట్టే అడుగుతున్నారు. ఇందుమతికి నలభై ఆరేళ్లు. మొక్కని దేవుడు లేడు, తిరగని ఆసుపత్రి లేదు. చుట్టాలు ఆవిడను బారసాలలకు పిలిచేవారు గానీ ఉయ్యాల దగ్గరికి రానిచ్చేవారు కారు. నీ చెయ్యి మంచిదమ్మా, కాస్త పులిహోర కలిపిపెట్టు అని తియ్యగా చెప్పి వంటింట్లోకి పంపేవారు. నోట్లో నాలుక లేని మనిషి, కలిపేసి వచ్చేది. ఇంటికొచ్చాక స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది.

ఆవిడకు మిగిలిన ఆశ ఒక్కటే. అరవై నిండితే తన వంతూ వస్తుంది. ఎవరో ఒకామె తనను ఒళ్లోకి తీసుకుని, తలకు నూనె పెట్టి, సాంబ్రాణి పొగ వేసి, పొయ్యి దగ్గర నిలబడి నిలబడి వాచిపోయిన తన కాళ్లను పిసుకుతుంది. గోరుచిక్కుడుకాయలు తరుగుతూ ఆవిడ ఆ రోజును తలుచుకునేది, ఇంకొకరు తీర్థయాత్రను తలుచుకున్నట్టు.

నూకరాజు సంగతంటారా, ఆయన్ని కంటూనే తల్లి పోయింది. మేనమామ ఇంట్లో పెరిగాడు. మామ కూతుళ్ల పెళ్లిళ్లు అయ్యాక తన పెళ్లి అనుకున్నారు, అవి అయ్యేసరికి ఈయన పెళ్లి మాట అందరూ మర్చిపోయారు. బస్సులో ముందుకు జరగండి, ముందుకు జరగండి అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. రిటైరయ్యాక సైకిలు షాపు మేడమీద గదిలో ఉండేవాడు. తనకు వంతు వచ్చిందని తెలిసినప్పుడు, ఎవరికీ ఇబ్బంది లేకపోతేనే పుడతానని చెప్పి పంపాడట.

చెప్పిన రోజు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, ఆసుపత్రికి నడిచి వచ్చి పుట్టాడు. బరువు అరవై నాలుగు కిలోలు. షుగరు కొంచెం ఉంది. అంతా సవ్యంగానే జరిగింది గానీ బిడ్డ ఏడవలేదు. ఏడిస్తేనే పుట్టిన వేళ రాస్తారు. దయామణి సిస్టర్ వీపు మీద తట్టింది, అరికాలు గిల్లింది, డ్యూటీ దిగే టైమైపోతోంది బాబూ కాస్త ఏడవండని బతిమాలింది. నూకరాజు పాపం నిజాయితీగా ప్రయత్నించాడు. రాలేదు. ఏడిస్తే ఊరుకోబెట్టే దిక్కులేక చిన్నప్పుడే మానేసిన పని అది.

పక్క మంచం మీద, నియమం ప్రకారం పడుకుని ఉన్న ఇందుమతి లేచి వచ్చింది. ఆయన మొహంలోకి వంగి చూసింది.

"తిన్నావా నాన్నా?" అంది.

నూకరాజు బావురుమన్నాడు. వార్డు దాటి, వరండా దాటి, కొబ్బరిబోండాల బండి దాకా వినబడింది. సిస్టర్ గడియారం చూసి వేళ రాసుకుంది. తల్లీబిడ్డా క్షేమమని సత్తిబాబుకి చెబితే ఆయన ఆసుపత్రి మెట్ల మీద వచ్చేపోయేవాళ్లందరికీ బూందీలడ్లు పంచాడు.

బారసాల ఘనంగా చేశారు. చీర ఉయ్యాల పర్రున చిరిగిపోతే, కలప అడితి నుంచి ఇనప గొలుసులు తెచ్చి దూలానికి కట్టారు. ఈసారి ఉయ్యాల పక్కన పట్టుచీరలో కూర్చున్నది ఇందుమతి. వంటింట్లో పులిహోర ఎవరు కలిపారో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలనిపించలేదు కూడా. పిల్లాడికి అచ్చం తండ్రి బట్టతలే వచ్చిందని సత్తిబాబు అక్కగారు వేళాకోళం చేస్తే, ఆయన మురిసిపోయి నెత్తి తడుముకున్నాడు. బియ్యంలో పేరు రాసే వేళకి ఇందుమతి మొగుడి చెవిలో ఒక మాట చెప్పింది. పెళ్లైన కొత్తలో అనుకుని, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరు. సత్తిబాబు వేలు కాసేపు బియ్యంలో ఆగింది. తర్వాత రాశాడు. అప్పట్నుంచీ అరవై ఏడేళ్ల నూకరాజు ప్రణీత్ అయ్యాడు.

నియమాలు కష్టమైనవేం కాదు. అన్నప్రాశన దాకా బిడ్డ మాట్లాడకూడదు, ఊ కొట్టొచ్చు. పాలు గ్లాసుతో పట్టొచ్చు, షుగరు బిళ్ల పొడి చేసి ఇవ్వాలి. కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తే తల్లి నడుం విరుగుతుంది కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి నలుగు పెట్టడానికి వెసులుబాటు ఇచ్చారు. ఊరంతా ఇదే తంతు. నిరుడు పుట్టి, గడువు పొడిగింపు దొరికిన మాజీ తహసీల్దారు ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతున్నాడు. అక్కడ కోడిగుడ్డు పెద్దది నాదంటే నాదని ఇద్దరు రిటైర్డ్ లెక్చరర్లు కొట్టుకుంటే టీచరు ఇద్దర్నీ గోడ వైపు తిప్పి నిలబెట్టింది.

మధ్యాహ్నం బేరం సద్దుమణిగాక ఇందుమతి పిల్లాడి పక్కన చాప వేసుకుని కూర్చునేది. మొగుడికి కూడా చెప్పని కబుర్లు ఆ పిల్లాడికి చెప్పింది. ఎన్నిసార్లు ఆశపడిందో, ఏ నెలలో ఎలా పోయిందో, ఏ చుట్టం ఏ మాట అందో. ప్రణీత్ ఊ కొట్టేవాడు. ఊ కొట్టడంలో ఎన్ని రకాలుంటాయో ఆవిడకు అప్పుడే తెలిసింది. వింటూ వింటూ, ఆవిడ చూడనప్పుడు, పక్కన చేటలో ఉన్న వెల్లుల్లి రెబ్బలు ఒలిచిపెట్టేవాడు. పసిబిడ్డలు పని చెయ్యకూడదు. ఇందుమతి చూసీ చూడనట్టు ఊరుకునేది. వాణ్ని ఆవిడ కళ్లల్లో పెట్టుకుని పెంచింది, ఆ మాట ఊళ్లో ఎవరైనా చెబుతారు.

బెంగల్లా అన్నప్రాశన గురించే. బిడ్డ గడువు అంతవరకే. ఆ రోజు పిల్లాడి ఎదురుగా వస్తువులు పెడతారు కదా, వాటిలో ఏది పట్టుకుంటే ఆ శాఖవారు వచ్చి తీసుకుపోతారు. కలమో పుస్తకమో అయితే విద్యాశాఖ, బంగారమైతే వాణిజ్యం, మట్టి అయితే వ్యవసాయం, కత్తి అయితే పోలీసు. శాఖలో పేరు నమోదు కాగానే బిడ్డ పెద్దవాడైపోయినట్టు లెక్క, తన గదికి తాను వెళ్లిపోవాలి. దేన్నీ పట్టుకోకపోతే మాత్రం ఇంకో ఆర్నెల్లు తల్లి దగ్గరే ఉంచుతారు.

ముందురోజు నలుగు పెడుతూ ఇందుమతి ఆగలేకపోయింది.

"రేపు దేన్నీ ముట్టుకోకు నాన్నా," అంది. "నీకు దణ్ణం పెడతాను."

ప్రణీత్ ఊ కొట్టలేదు. కూరలో గరిటె తిప్పుతున్న సత్తిబాబు వినేశాడు. తప్పు కదే ఇందూ, పిల్లలకి అలా నేర్పకూడదంట అన్నాడు. అని, అటు తిరిగి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పొయ్యి సెగ అనుకోవచ్చు గానీ, పొయ్యి అప్పటికే ఆర్పేసి ఉంది.

మర్నాడు మున్సిపాలిటీ జనన విభాగం నుంచి కృపానందం గారు వచ్చారు. మెత్తటి మనిషి, ఎవర్నీ కసురుకోడు. చాప మీద వరసగా కలం, ఉంగరం, పుస్తకం, మట్టి, కత్తి పెట్టించి, పిల్లాణ్ని అవతలి చివర వదలమన్నాడు. చుట్టుపక్కల కుర్ర జంటలందరూ వచ్చారు. పిల్లల వేడుకంటే వాళ్లకు చెప్పలేనంత ఇష్టం.

ప్రణీత్ పాకాడు. మోకాళ్లు టకటకమంటున్నాయి. కలం దాటాడు. ఉంగరం వైపు చూడనైనా చూడలేదు. పుస్తకం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, దాన్నీ దాటాడు. ఇందుమతి కొంగు నోట్లో కుక్కుకుంది. మట్టీ కత్తీ కూడా అయిపోయాక, ఇక చాప అంచు తగలబోతుండగా మోకాలు పట్టు తప్పి ముందుకు తూలాడు. ఇందుమతి ఒక్క దూకున వెళ్లి చెయ్యి చాపింది. పడబోతూ పట్టుకున్నాడో, పట్టుకోవడానికే పడ్డాడో గానీ, ఆవిడ ఎడమ మణికట్టు పట్టుకున్నాడు.

కుర్ర జంటలు చప్పట్లు కొట్టారు. కృపానందం కొట్టలేదు. బిడ్డ వస్తువుని కాక మనిషిని పట్టుకుంటే ఏం చెయ్యాలో నియమాల్లో ఉంది, ఐరోపాలో ఇది తరచూ జరుగుతుందని ఆయన వివరించాడు. ఆ బిడ్డ ఏ శాఖకీ వెళ్లడు, ఎప్పటికీ ఆ తల్లి దగ్గరే ఉండిపోతాడు. ఇందుమతి మొహం చేటంత అయింది. ఆయన ఆవిణ్ని కాస్త పక్కకి రమ్మందామనుకున్నాడు గానీ మణికట్టు వదిలితే కదా, అక్కడే గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒక షరతుందమ్మా. శాశ్వతంగా తల్లయినవాళ్లకి ఇంక పుట్టే వంతుండదండి. సత్తిబాబు గారికీ ఉండదు. ఆలోచించుకోండి. కావాలంటే ఇప్పుడే చెయ్యి లాగేసుకోండి, పట్టు సరిగ్గా లేదని రాసేస్తాను."

ఇందుమతి ఆ చేతిని చూసింది. నరాలు తేలిన ముసలి చెయ్యి, బొటనవేలు మీద టిక్కెట్లు పంచ్ చేసీ చేసీ కాసిన కాయ. తన తలకు ఎవరో పెట్టబోయే నూనె గుర్తొచ్చింది, సాంబ్రాణి పొగ గుర్తొచ్చింది. కావాలనిపించింది. నిజంగా, ఏడుపొచ్చేంత కావాలనిపించింది. సత్తిబాబు వైపు చూస్తే ఆయన సరేనన్నట్టు తల ఊపాడు.

"గట్టిగానే పట్టుకున్నాడండి," అంది ఇందుమతి. "రాసుకోండి."

కృపానందం రాసుకున్నాడు. సంతకం చేశాక ఆవిడ మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది, మరి రేపు మేం మంచాన పడితే మమ్మల్నెవరు చూస్తారండీ అని.

"దానికింకా జీవో రాలేదమ్మా," అన్నాడాయన.

అక్కడెవరూ ఆశ్చర్యపోలేదు. వెండి గిన్నెలో పాయసం తెచ్చారు. ఇందుమతి ఉంగరంతో పిల్లాడి నాలుకకు తాకించి, తర్వాత చెంచాతో పెట్టడం మొదలుపెట్టింది. ఈలోగా, కిందటేడే పెళ్లైన ఒకమ్మాయి కృపానందం దగ్గరికొచ్చి, ఇప్పుడే పేరు రాయించుకుంటే అరవై నిండగానే తన వంతు వస్తుందా అని మొహమాటంగా అడిగింది. నీకింకా పాతికేళ్లే కదమ్మా అన్నాడాయన. ముందుచూపుండాలి కదండీ అంది. పేరు రాసుకుంటాను గానీ అప్పటికి తల్లి దొరుకుతుందని మాత్రం హామీ ఇవ్వలేనన్నాడు. ఆ అమ్మాయి ఫర్వాలేదు రాయండంది. ఆమె వెనక ఆమె భర్త, అతని వెనక మిగతా జంటలు, చేతుల్లో పాయసం కప్పులతో, చప్పుడు లేకుండా ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడ్డారు.