ఖాళీ కొట్టం

వరద వచ్చి వెళ్ళాక కూడా ఆ ఇల్లాలు తెల్లారకముందే లేచి, చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళ్తూనే ఉంది. పితకడానికి ఆవు లేదన్న సంగతి గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొస్తుంది. ఆ ఒక్క ఆవు పాలమీదే ఇల్లు గడిచేది. దాన్ని ‘పెద్దమ్మాయి’ అని పిలుచుకునేవారు. ఆ రాత్రి తాడు విప్పేలోపే నీళ్ళు ముంచుకొచ్చాయి. ఆ మాట మొగుడూ పెళ్ళాల్లో ఎవరూ ఎత్తరు.

ఆ ఉదయం వరద సాయం మంజూరు చేసే ఆఫీసరు వస్తాడు, ఖాళీ కొట్టం చూస్తాడు, రాసుకుంటాడు. డబ్బొస్తే మరో ఆవు. అంతే పని. "కొట్టం ఎలా ఉందో అలాగే ఉంచు" అని చెప్పి భర్త ఆయన్ని తీసుకురావడానికి వెళ్ళాడు. ఇన్నేళ్ళు కాపురం చేసినా భార్య సంగతి తెలియలేదు, పాపం.

పరాయి మనిషి వస్తుంటే బురద కొట్టం చూపిస్తుందా ఆవిడ? కడిగింది. గోడమీద నీటి చారకు సున్నం కొట్టింది. ఎంత చేసినా ఆ ఒంటరి గుంజ కళ్ళలో గుచ్చుకుంటూనే ఉంది. చూడలేకపోయింది. వీధికి అవతల తమ్ముడింటికి వెళ్తే వాడింకా నిద్రలోనే ఉన్నాడు. వాడి ఆవు ఎందుకో గడ్డివాము వెనక చాటుగా కట్టేసి ఉంది. ఒక్కపూటకి కాదంటాడా అనుకుని విప్పి తోలుకొచ్చింది.

ఆఫీసరు కొట్టంలోకి తొంగిచూశాడు.

"చనిపోయిన ఆవు ఇదేనాండీ?"

"ఇది మాది కాదు సార్" అన్నాడు భర్త కంగారుగా.

"అలాగా. అమ్మా, కాస్త పాలు తీయండి చూద్దాం. కొత్త చెయ్యయితే తన్నదూ?"

ఆవిడ కూర్చుంది. ఆవు డొక్కకు నుదురు ఆనించగానే ఇన్నాళ్ళు బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారి బయటపడింది. ఆవు తన్నలేదు. తల తిప్పి ఆవిడ భుజం నాకింది. చెంబులో పాలధార మోగింది.

"నోరులేని జీవం మీ చెయ్యి గుర్తుపట్టింది. మీరేమో పోయిందంటున్నారు. ఎవరిదండీ మరి?"

సరిగ్గా అప్పుడే బావమరిది చెప్పులు కూడా లేకుండా రొప్పుతూ వచ్చి బావ చెవిలో ఊదాడు. "బావా, నాది అనకు. వరదలో పోయిందని రాయించాను. డబ్బు కూడా తీసుకున్నాను. తెలిస్తే లోపలేస్తారు."

భర్త వాణ్ణి చూశాడు. గోడవైపు తిరిగి పమిటతో ముఖం తుడుచుకుంటున్న భార్యను చూశాడు. పెద్దమ్మాయి నిజంగానే పోయింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఆవిడ తమ్ముణ్ణి జైలుకి పంపాలి. ఆఫీసరు వైపు తిరిగి, "మాదే సార్. బతికే ఉంది" అన్నాడు. ఆ రెండు మాటలతో పెద్దమ్మాయిని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది అతనికి.

ఆఫీసరు చీవాట్లు పెట్టి, అర్జీ కొట్టేసి, "డబ్బు తీసుకున్నవాళ్ళ కొట్టాలు కూడా ఇకమీదట ఎప్పుడు పడితే అప్పుడొచ్చి చూస్తాం" అంటూ వెళ్ళిపోయాడు.

చీకటిపడుతుండగా బావమరిది తాడు పట్టుకుని వచ్చాడు. "అక్కా, ఆవుని తోలుకెళ్తానే."

"తోలుకెళ్ళరా" అన్నాడు బావ అరుగుమీంచి. "చచ్చిన ఆవు మళ్ళీ ఎలా వచ్చిందని అడిగితే ఏం చెప్తావో కూడా చూసుకో."

వాడు తాడు చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు. అక్క పిలవలేదు. లోపల పెద్దమ్మాయి గంట తీసి కొత్త ఆవు మెడలో కట్టబోయి, చేతులు రాక మళ్ళీ మేకుకే తగిలించింది.

ఆ వరదలో ఆవును పోగొట్టుకున్న రైతు బావమరిదేనని ప్రభుత్వ కాగితాల్లో ఉంది; ఆలస్యంగానైనా అది నిజమైంది.