బస్సుకు తూర్పు గుమ్మం

ఆ గురువారం పొద్దున సూరాయమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిలోపు బస్సులో పాలు పొంగించాలి. పదింటికి ఇంటావిడ, అందరూ మామా అనే ఆవిడ, వచ్చి బస్సెక్కి చూడాలి, చూసి "బాగుంది" అనాలి. ఆ ఒక్క మాట మామా నోట్లోంచి ఊడిపడితే చాలు, శుక్రవారం విమానంలో సూరాయమ్మ ఊరికి, ఆదివారం తన సొంత ఇంట్లోకి. అంతే. ఇంతోటి దానికి ఆవిడ తెల్లవారకముందే లేచి, కాలు కాలిన పిల్లిలా వాకిలంతా తిరుగుతోంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. కడిగిన గిన్నె మళ్ళీ కడిగింది. రెండుసార్లు బస్సెక్కి దిగింది.

అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్ పేటలోని ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా వంట ఆవిడదే. ఆ వంట మీదే మలికిపురం పక్కన రెండు గదుల డాబా లేచింది. లేచి మూడేళ్ళయింది కానీ అందులో ఇంకా దీపం పెట్టలేదు. రెండుసార్లు గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించింది. రెండుసార్లూ ఇంటి యజమానురాలైన మామా, "నువ్వు పోతే నాకెవరు వండుతారు సూరా?" అని పాస్‌పోర్టు బీరువాలోంచి తియ్యలేదు. మనుషులు చేరని ఆ ఇంట్లో పక్కింటివాళ్ళు కొబ్బరికాయలు పోసుకుంటున్నారు. ఇప్పుడు మూడో ముహూర్తం, ఈ ఆదివారం. ఇది కూడా తప్పితే ఆ ఇల్లు కొబ్బరికాయలకే రాసిపెట్టి ఉందని ఊరంతా అనేస్తుంది.

మధ్యలో ఆశ పెట్టింది ఈ బస్సే. ఇంటాయన అబూ ఫహద్, అంటే బాబా, ఉద్యోగం మానేశాక ఒక చోట కూర్చోలేకపోయాడు. కూర్చోలేక, పాతికేళ్ళనాటి అమెరికా బస్సొకటి కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉంటాయి. ఇంటికి తాళం వేసి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఇక ఉన్నన్నాళ్ళూ అందులోనే సౌదీ, ఒమాన్, ఇంకా ఆవలకు తిరుగుతూ బతకాలని ఆయన కోరిక. కానీ పాత బండి అలిగిన వియ్యపురాలు లాంటిది. ఒక చోట సర్దితే ఇంకో చోట మూతి ముడుస్తుంది. టైర్లు చూడ్డానికి నిగనిగలాడుతూనే పక్కల బీటలిచ్చాయి, మార్చారు. బ్యాటరీలు మార్చారు. గాలి వచ్చే గొట్టంలో ఎలుకలు ఏ కాలంలోనో కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి, ఖాళీ చేయించారు. చివరికి కప్పు మిగిలింది. అది ఎప్పుడూ వాన కురవని దేశంలో కూడా ఎలాగో ఒకలా కారేది.

మామా మాత్రం ఒకే మాట మీద ఉంది. "లోపల ఒక్క చుక్క కారినా, కాస్త వాసన వచ్చినా నేను ఎక్కను. నేను ఎక్కితే సూరా రెండు నెలలు ఊరికి పోవచ్చు. ఎక్కకపోతే ఎవరూ ఎక్కడికీ పోరు." అని చెప్పి, రెండు రోజులుగా సాల్మియాలో చెల్లెలింట్లో కూర్చుంది. ఆవిడకు ఆ బస్సు మీద ఇష్టం లేదని, సాకు కోసం చూస్తోందని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

సబ్హాన్ షెడ్డు నుంచి వచ్చే మెకానిక్ మునాఫ్, కర్నూలువాడు, బుధవారం సాయంత్రం కప్పు మీద కొత్త జిగురు పూసి వెళ్తూ గట్టిగా చెప్పాడు. "నేను తొమ్మిదిన్నరకొస్తా. అంతదాకా ఎవరూ బండి ముట్టొద్దు. జిగురు ఆరాల. గోడ కొళాయి నుంచి పైపు తగిలించినాను, ట్యాంకు నిండుతాది. పక్కన పందిరి గుడ్డ విప్పినాను, అది కూడా ఆరాల. కింద నాలుగు ఇనప కాళ్ళు దించినాను. కదిపితే ఖలాస్."

అన్నీ విన్న సూరాయమ్మకు పొద్దున పాలగిన్నె పట్టుకుని నిలబడ్డాక గానీ అసలు సంగతి కనబడలేదు. కనబడగానే గిన్నెతోనే బస్సు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"ఏమక్కా, పాలగిన్నె బట్టుకోని ప్రదచ్చిణాలు జేస్తాండావ్?" అన్నాడు బాలసుబ్బయ్య. ఆ ఇంటి డ్రైవరు, కడప మనిషి. ఆ పూట బాబా తనే కారు వేసుకుని రొట్టెకు పోవడంతో అతనికి పని లేదు.

"గుమ్మం ఎటుందో చూసేవా సుబ్బయ్యా?"

"కుడిపక్క ఉండాది. యాడికి పోతాది?"

"కుడిపక్క కాదయ్యా, దక్షిణం! యముడి దిక్కు! ఆ గుమ్మంలోంచి పాలు పట్టుకెళ్ళి పొంగిస్తే మామా ఎక్కుద్దా? నే ఊరెళ్తానా?"

"అయ్యో, ఇది బండక్కా. బండికి దిక్కేముండాది? పొద్దున తూర్పు జూస్తాది, మధ్యాన్నం పడమర జూస్తాది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తే సరిపోతాది."

"మంచం ఉంది, పొయ్యి ఉంది, దొడ్డి ఉంది. ఇల్లు కాక మరేంటిది?"

"స్టీరింగుండాది. మీ మలికిపురం ఇంట్లో స్టీరింగుండాదా?"

"కాపరం చేసేదేదైనా ఇల్లే. మూతి ఉత్తరానికి తిప్పు, గుమ్మం తూర్పుకొచ్చేత్తది."

"కదపొద్దన్నాడు గదక్కా మునాఫ్."

"కదపడం వేరు, తిప్పడం వేరు. ఉన్నచోటే తిప్పు."

"ఉన్నచోటనే తిరిగేకి ఇదేమన్నా తిరగలా?"

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. సూరాయమ్మ ఊరుకోలేదు. ఇల్లెవరిదైనా, దేవుడెవరైనా గుమ్మం గుమ్మమేనని ఆవిడ నమ్మకం. ఒక్క దిక్కు తప్పితే మూడో ముహూర్తం కూడా తప్పుతుందని లోపల ఒకటే పీకుడు. ఆఖరికి బేరం కుదిరింది. ఫ్రిజ్‌లోంచి ఆరు నిమ్మకాయలు తెచ్చి ఆరు చక్రాల కింద సుబ్బయ్య ముచ్చట తీరుస్తుంది. అతను గుమ్మం తిప్పి ఆవిడ ముచ్చట తీరుస్తాడు. ఎనిమిదీ నలభైకి మంచి ఘడియ. సూరాయమ్మ లోపలికెక్కి పాలు పొయ్యి మీద పెట్టింది. బస్సు తూర్పుకు తిరిగేసరికి పాలు కూడా పొంగాలని ఆవిడ ఉద్దేశం.

నెల రోజులుగా దగ్గుతూ మొరాయించిన ఇంజను, ఎవరూ అడగనప్పుడు మొదటి తిప్పుకే అందుకుంది. సుబ్బయ్య మీట నొక్కాడు. ఇనప కాళ్ళు మూడు లేచాయి, నాలుగోది లేవలేదు. అది అతనికి తెలియదు. పందిరి గుడ్డ సంగతి, పైపు సంగతి ఇద్దరికీ తెలుసు కానీ, నువ్వు చూసుకుంటావని నేను, నేను చూసుకుంటానని నువ్వు.

"యల్లా, పదా!" అన్నాడు సుబ్బయ్య, ఎడమకు తిప్పుతూ.

మొదట నిమ్మకాయలు పగిలాయి. అది శుభమే. తరువాత లేవని ఇనప కాలు బాబా ఎంతో ఇష్టపడి పరిపించిన పలకల మీద నాగలిచాలు తీసింది. పందిరి గుడ్డను మోసే ఇనప చెయ్యి, దక్షిణం వైపు బట్టలారేసిన తాడును తగులుకుని, మామా ఒంటినిండా తొడుక్కునే అబాయాలు పదకొండింటినీ తాడుతో సహా వెంట తీసుకొచ్చింది. అటు ఎడమవైపు పైపు బిగిసి బిగిసి గోడలోంచి కొళాయినే పెరికేసింది. మిద్దె మీద ట్యాంకునిండా ఉన్న నీళ్ళు, ఇదే అదనుగా, రెండు నిలువుల ఎత్తున లేచాయి.

లోపల పాలు పొంగాయి. తూర్పుకా, ఉత్తరానికా అని చూసేలోగా అన్ని దిక్కులకూ పొంగి పొయ్యి ఆర్పేశాయి. సూరాయమ్మ గబుక్కున గ్యాసు కట్టేసింది. కానీ మునాఫ్ అంతకుముందు వారమే గోడకు బిగించిన గ్యాసు గంట ఉంది చూశారూ, అది అప్పటికే కనిపెట్టేసి, తోక తొక్కిన పిల్లిలా కేకలు మొదలుపెట్టింది.

"సుబ్బయ్యో! ఆపు, ఆపు!"

బెదిరిన మనిషికి బ్రేకు ఎడమో కుడో తెలియదు. సుబ్బయ్య రెంటిలో ఒకటి తొక్కాడు, రెండోది తొక్కవలసింది. బాబా వెళ్తూ తెరిచి వదిలేసిన ఉత్తరం గేటులోంచి బస్సు సగం వీధిలోకి దూసుకుపోయి, పందిరి చెయ్యి గేటు స్తంభానికి తగులుకుని ఆగింది. సరిగ్గా తూర్పు గుమ్మంతో ఆగింది, ఆ మాట ఒప్పుకోవాలి. పైన కొళాయి నీళ్ళు ఆరని జిగురు మీద ధారగా పడుతున్నాయి. పక్కన పదకొండు నల్లటి అబాయాలు గాలికి రెపరెపలాడుతున్నాయి.

ఈ దృశ్యం ఎదురింటి ఉమ్ జాసిమ్ మేడ మీది కిటికీలోంచి చూసింది. ఆవిడకు కనిపించినవి మూడే. బయలుదేరిన బస్సు, దానికి వేలాడే పొరుగావిడ బట్టలు, బస్సు కిటికీలో గరిటె పట్టుకున్న ఒక ఆడచెయ్యి. గంట మోత విని నిప్పు అంటుకుందని ముందు ఫైరింజనుకు ఫోను చేసింది. ఆ తర్వాత, అంతకంటే తొందరపడి, సాల్మియాలో ఉన్న మామాకు చేసింది.

"చెల్లీ, మీ ఆయన నీ బట్టలన్నీ కట్టుకుని బస్సేసుకుని వెళ్ళిపోతున్నాడు! లోపల ఎవత్తో వంట చేస్తోంది! బట్టలు నీవే కానీ చెయ్యి మాత్రం నీది కాదు!"

సాల్మియా నుంచి ఆ ఇంటికి అరగంట దారి. మామా పదిహేను నిమిషాల్లో వచ్చింది. అప్పటికి ఫైరింజనువాళ్ళు వచ్చి, మంట కోసం వెతికి వెతికి దొరక్క, కనీసం నీళ్ళయినా ఆపుదామని గోడ కన్నం మూస్తున్నారు. బాబా వచ్చి, చంకలో వేడి రొట్టెలతో, వాకిట్లో పలకల మీది చాలు వంక చూస్తూ నిలబడి ఉన్నాడు. సుబ్బయ్య స్టీరింగు మీద తల పెట్టేశాడు. సూరాయమ్మ బస్సులోనే ఉంది. దిగితే ఏమడుగుతారోనని భయం. కాలు నిలవక పొయ్యి దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర నుంచి పొయ్యి దాకా తిరుగుతూనే ఉంది. మలికిపురం ఇంట్లో ఇంకో ఏడాది కొబ్బరికాయలే.

మామా కారు దిగి నేరుగా మొగుడి ముందుకెళ్ళింది.

"ఎక్కడికి బయలుదేరావు?"

"నేనా? ఎక్కడికీ లేదు. రొట్టెకు వెళ్ళొచ్చాను."

"రొట్టెకు వెళ్ళడానికి నా బట్టలెందుకు? ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసి, నేను ఒక్కసారి వద్దంటే, వదిలేసి పోతావా?"

ఆయన నోరు తెరిచాడు. కానీ ఈలోగా ఆవిడ గబగబా బస్సెక్కి, సుబ్బయ్యను లేపి అవతలకు పంపి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. రెండేళ్ళలో ఆవిడ ఆ బస్సు మెట్టు తొక్కడం అదే మొదటిసారి. బాబా తెరిచిన నోరు నెమ్మదిగా మూసుకున్నాడు. మనిషి జీవితంలో ఎప్పుడు మాట్లాడాలో తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు, ఎప్పుడు మాట్లాడకూడదో ఆయనకు ఆ క్షణాన తెలిసింది.

సరిగ్గా అప్పుడే కప్పులోంచి ఒక చుక్క, బాగా బరువైన చుక్క, మామా కళ్ళద్దాల మీద టప్పున పడింది.

సూరాయమ్మ కళ్ళు మూసుకుంది.

"కారుతోంది," అన్నాడు బాబా నిజాయితీగా, గుమ్మంలో నిలబడి.

"ఏం కారుతోంది? నాకేం కనబడలేదు." ఇంకోటి పడింది. మామా తలగుడ్డ అంచుతో తుడుచుకుంది. "ఉక్కగా ఉంది, చెమట."

"మాడు వాసన కూడా..."

"వంటింట్లో వంట వాసన రాదా? మరి అత్తరు వాసన వస్తుందా?" అని ఆవిడ వెనక్కి తిరిగింది. "ఇంతకీ ఎవరిదా చెయ్యి?"

సూరాయమ్మ గరిటెతో సహా చెయ్యి పైకెత్తింది.

"నువ్వా!" మామా మొహంలో ముప్పై ఎనిమిదేళ్ళ భారం దిగిపోయింది. వెంటనే ఇంకో భారం ఎక్కింది. "నువ్విందులో ఏం చేస్తున్నావు సూరా?"

అబద్ధమాడదామనుకుంది సూరాయమ్మ. నోరు తిరగలేదు. "పాలు పొంగించేను మామా. మీరు బస్సెక్కితే నేను ఊరెళ్ళచ్చన్నారుగా. ఎక్కాలని మొక్కుకుని పెట్టేను. బండి తిప్పమన్నది నేనే. సుబ్బయ్య తప్పేం లేదు. బాబా అసలు..."

"నా తప్పే," అన్నాడు బాబా, ఆవిడ మాటకు అడ్డొచ్చి. "అంతా నా తప్పే. బట్టలు కూడా నేనే కట్టాను."

మామా ఇద్దరి మొహాలూ చూసింది. ఎవరిని నమ్మిందో ఆవిడకే తెలియాలి. చేతిసంచిలోంచి తాళాల గుత్తి తీసి సూరాయమ్మ చేతుల్లోకి విసిరింది.

"బీరువాలో మూడో అర. నీ పాస్‌పోర్టు నువ్వే తీసుకో. నేను దిగను. నేను దిగిన మరుక్షణం ఈయన పోతాడు."

సూరాయమ్మ ఆ తాళాలు పట్టుకుని ఇంట్లోకి నడవలేదు, పరుగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు ఆ పరుగును తరువాత వారమంతా గుర్తు చేశాయి.

తొమ్మిదిన్నరకు రావలసిన మునాఫ్ పదిన్నరకు వచ్చాడు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరగలేక అక్కడే గట్టు మీద కూర్చున్నాడు.

"ఎవరు కదిపినారు?"

"కదపలేదబ్బా," అన్నాడు బాలసుబ్బయ్య. "తిప్పినాం."

ఫైరింజనువాళ్ళు, మునాఫ్, సుబ్బయ్య కలిసి బస్సును వాకిట్లోకి వెనక్కి నెట్టారు. నెడుతున్నంతసేపూ మామా లోపల బెల్టు విప్పలేదు. బండి మళ్ళీ రోడ్డెక్కడానికి నెల పడుతుందన్నాడు మునాఫ్. నెల కాదు, రెండు నెలలైనా సరే ఇక్కడే కూర్చుంటానంది మామా. బాబా ఇంటికి తాళం వేసి, కప్పు కింద మూడు బకెట్లు పెట్టుకుని, ఎన్నాళ్ళుగానో కలగన్న సంచార జీవితం ఆ మధ్యాహ్నమే సొంత వాకిట్లో మొదలుపెట్టాడు.

ఆదివారం మలికిపురం పక్కన కొత్త ఇంటి ముందు షామియానా కింద రెండో పంక్తి భోజనాలు జరుగుతున్నాయి. ఇంట్లోని కొబ్బరికాయలన్నీ ముందురోజే పక్కింటికి చేరాయి. సూరాయమ్మ కొత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, విస్తరి విస్తరికీ తిరిగి గుమ్మడికాయ పులుసు కొసరి కొసరి వేస్తోంది. బొడ్లో ఫోను మోగింది.

"సూరా, చక్కెర ఎక్కడుంది?"

"ఇంట్లోనే మామా. వంటగదిలో, పై అరలో, ఆకుపచ్చ డబ్బా."

"ఇంట్లోనా?" అటువైపు చెంచా కింద పెట్టిన చప్పుడు. "అంత దూరం ఎవరు వెళ్తారు?"

దేశాలన్నీ చుట్టి రావడానికి బయలుదేరిన ఆ దంపతులు ఆ పూట టీ చక్కెర లేకుండానే తాగారు.