అరవై నాలుగు గడులు

గట్టుప్పలలో కమలాకర్ అని ఒక చీరల డిజైనర్ ఉన్నాడు. అది నేనే. వేరేవాడి సంగతిలా చెప్పుకుంటే సిగ్గు కాస్త తగ్గుతుంది.

ఆ ఉదయం కమలాకర్ ఒకే పని పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళుగా గీసిన డిజైన్లను ఎవరూ కాజేయకుండా కంప్యూటర్ డిస్కుకు తాళం వెయ్యాలి. పదిహేను రోజుల్లో చేనేత సంఘం సారు రాంచందర్ వచ్చి, వాటిలోంచే ఈ ఏటి చీర ఎంచుతాడు.

మంచి పాస్‌వర్డ్ బుర్రలోంచి పుట్టకూడదనీ, ఒక వరుసంటూ లేకుండా ఉండాలనీ ఎక్కడో చదివాడు. కళ్ళు మూసుకుని అంకెలు కొట్టి చూశాడు. మగ్గం మీద పెరిగిన చెయ్యి కదా, ఎడమ ఎంతో కుడీ అంతే వచ్చింది. ఇక లాభం లేదని ఒక గవ్వ తీశాడు. వెల్లకిలా పడితే గ్రాఫు కాగితం మీద గడి నలుపు, బోర్లా పడితే తెలుపు. నలుపుకు ఒకటి, తెలుపుకు సున్న.

“పొద్దుగాల్నే గవ్వలాడుతున్నవా?” చీపురుతో వచ్చింది భార్య అండాలు.

“ఆట కాదే, భద్రత.”

“నీ భద్రత పాడుగాను, జర కాళ్ళు లేపు, ఊడ్వాలె.”

అరవై నాలుగు గడులు నిండాయి, తాళం పడింది. ఆ కాగితాన్ని దొంగకు అనుమానం రాకుండా మగ్గం పక్కనున్న డిజైన్ల కట్టలో పెట్టి, తన తెలివికి తానే మురిసిపోయాడు. మళ్ళీ అన్ని అంకెలు కొట్టే ఓపిక లేక కంప్యూటర్ ఆపనే లేదు.

సరిగ్గా రాంచందర్ వచ్చే రోజున కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. కట్టలో కాగితం లేదు.

“నాయినా, నల్లగడుల కాగితం చూసినవా?”

“కొత్త డిజైన్ అనుకొని దారం కట్టి, రంగేసి, నేస్తున్న గదరా. కాగితం పొయ్యిల బోయింది,” అన్నాడు తండ్రి మారయ్య మగ్గం మీంచి.

కమలాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. బట్ట మీది గడులు చూసుకుంటూ అంకెలు కొట్టాడు. తప్పన్నది కంప్యూటర్. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పే.

“ఉన్నదున్నట్టే నేసినవా?”

“ఎట్ల నేస్త? కుడికి ఎడమకు పొంతన లేకపాయె. నీకు చేతగాలేదనుకొని అక్కడక్కడ సరిచేసిన.”

“ఏ గడులు?”

“గదంత యాదుంటదా?”

కమలాకర్ నేల మీద కూలబడ్డాడు. ఏడుపే వచ్చింది, దాచడమెందుకు. అంతలో రాంచందర్ వచ్చి, మగ్గం మీది బట్టను వంగి చూశాడు.

“మారన్నా, గిసొంటిది నేనెన్నడు చూడలే! ఈ ఏడు సంఘానికి గిదే. ఎవరు గీసిండ్రు?”

మారయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు నోరు తెరిచేలోపే అండాలు జవాబిచ్చింది.

“గవ్వ, సారూ.”

ఇప్పుడు కమలాకర్ పాస్‌వర్డ్‌ను జిల్లాలో ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు కట్టుకుంటున్నారు. ఎనిమిదేళ్ళ డిజైన్లు మాత్రం కంప్యూటర్లో భద్రంగానే ఉన్నాయి. వాటిని ఏ దొంగా తియ్యలేడు, కమలాకర్ కూడా.