కొంగగారిది ఏ జాతి

ఒక పెద్ద అడవిలో మొగుణ్నీ పెళ్లాన్నీ వేర్వేరు జాతులుగా ప్రకటించేశారు. జరిగిన తప్పు అదే. మిగతావన్నీ ఆ తప్పు పెట్టిన పిల్లలు.

ఆ అడవిలో పుచ్చిన దుంగల కింద, తోక చివర పటకారు ఉండే పురుగులు కాపురం ఉండేవి. దుంగల కోసం తగాదాలు ఎక్కువయ్యాయని, జాతికో దుంగ కేటాయించాలని అడవి సభ తీర్మానించింది. జాతులు తేల్చే పని పశువుల కొంగగారికి అప్పగించారు. ఆయన పీత కాళ్ల మీద పరిశోధన చేసినవారు. పటకారూ కాలులాంటిదే కదా అనుకుంది సభ. గుమాస్తాగా తొండను ఇచ్చారు. ఎవరేమన్నా తలూపడమే దాని ఉద్యోగం.

వాళ్లొచ్చేసరికి ఒక దుంగ కింద సన్నెమ్మ అనే ఆడపురుగు తన గుడ్లను నాకి శుభ్రం చేస్తోంది.

“ఏదీ, పటకారు చూపించు,” అన్నారు కొంగగారు. “తిన్నగా ఉంది. తిన్నపటకారు జాతి. రాసుకో.”

తొండ తలూపింది.

దుంగ అవతలి చివర గౌరయ్య అనే మగపురుగు కనిపించాడు. “వీడిది వంకర. వంకరపటకారు జాతి.”

“ఆయన మా ఆయనండీ. గుడ్లు పెట్టాక మొగుణ్ని దగ్గరికి రానివ్వం, అందుకని అక్కడున్నాడు,” అంది సన్నెమ్మ. “మగాళ్లకి వంకరగా, ఆడాళ్లకి తిన్నగా ఉంటుంది. మీసాల కణుపులు చూడండి, రెక్కలు చూడండి, కాళ్ల మీద చారలు చూడండి. ఇద్దరివీ ఒకటే.”

“అంటే పరాయి జాతివాడితో కాపురం చేస్తున్నావన్నమాట. అదీ రాసుకో.”

పక్కనే ఆడుకుంటున్న పొరుగింటి పిల్లల మీసాలకు కణుపులు తక్కువున్నాయి. “పొట్టిమీసాల జాతి,” అన్నారు కొంగగారు.

“పిల్లలండీ అవి. కుబుసం విడిచినప్పుడల్లా కణుపులు పెరుగుతాయి.”

“నేను చూసినప్పుడు లేవు.” ఆయన ఒక పిల్లను ముక్కుతో ఎత్తి, శ్రద్ధగా పరిశీలించి, మింగేశారు. “నమూనా,” అన్నారు.

సన్నెమ్మ గుడ్ల మీదికి జరిగింది.

“గుడ్లకి పటకారు లేదు కాబట్టి జాతి లేదు. జాతి లేనివాటికి దుంగ లేదు. వాటినిక్కడే వదిలేసి తిన్నపటకారు దుంగకి పో.”

“రోజూ నాకకపోతే బూజు పట్టి చస్తాయండీ.”

“ఆ సంగతి అర్జీలో రాయి.”

“నేను కదలను,” అంది సన్నెమ్మ. తొండ అలవాటు కొద్దీ దానికీ తలూపింది.

మిగతావన్నీ కదిలాయి. మగాళ్లొక దుంగ, ఆడాళ్లొక దుంగ. తగాదాలు తగ్గాయని సభ మెచ్చుకుంది. కుబుసాలు విడిచి పిల్లల మీసాలు పెరిగి పొట్టిమీసాల జాతి అంతరించిపోతే సంతాపం కూడా తెలిపింది. కొత్తగా గుడ్లెందుకు లేవో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక సన్నెమ్మను గెంటించాలని, ఉత్తర్వు తీసుకోవడానికి కొంగగారు ఆఫీసుకు వెళ్లారు. అది జతకట్టే కాలం. ఆయన తెల్లటి తల నారింజ రంగుకు తిరిగింది.

“ఎవరు తమరు?” అంది తొండ.

“నేనోయ్, మీ ఆఫీసర్ని.”

“మా ఆఫీసరుగారు తెల్లగా ఉంటారు. తమరిది నారింజతల జాతి. దానికి ఆఫీసు కాదు కదా, చెట్టుకొమ్మ కూడా కేటాయించలేదు.”

“ఏటా ఈ రోజుల్లో నాకు రంగు మారుతుందయ్యా.”

“నేను చూసినప్పుడు లేదు,” అంటూ తొండ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల అడ్డంగా ఊపింది. అప్పటికే దాని తల కూడా ఎర్రబడిందని కంగారులో కొంగగారు గమనించలేదు.

కొంగగారు తిన్నగా సన్నెమ్మ దగ్గరికే వచ్చారు. “అమ్మా, నేను నేనేనని సభలో ఒక్క మాట చెప్పు. ఈ దుంగ నీ పేరనే ఇప్పిస్తాను.”

“రావాలంటే గుడ్లు వదలాలండీ,” అంది సన్నెమ్మ, నాకడం ఆపకుండా.

“పోనీ, పిల్లలయ్యాక రా.”

“పిల్లల్ని చూసి మళ్లీ నమూనా అనరు కదా?”

కొంగగారు గుటక వేసిన చప్పుడు ఆమెకు వినిపించింది.

గుడ్లన్నీ చిట్లాయి. పిల్లలు చల్లగా బయటికొచ్చాయి. సభ గడప తొక్కకూడదని సన్నెమ్మ ఆ గుటక విన్న రోజే అనుకుంది. తొక్కలేదు.

నీతి ఏమిటంటారా: పక్కవాడి జాతి తేల్చడానికి బయల్దేరేటప్పుడు, ముందు మీ తలకి రంగేసుకోండి.