గ్రహాంతరవాసి బొటనవేలు

వేరే లోకపు జీవులు భూమి మీద దిగిననాడు మానవజాతి ఏం చేస్తుంది? శాస్త్రజ్ఞులు తలలు బద్దలు కొట్టుకుంటున్న ఈ ప్రశ్నకు మా బస్తర్ ఎప్పుడో జవాబు చెప్పేసింది. వరుసగా నేల మీద కూర్చుని గుర్తింపు కార్డు బయటికి తీస్తుంది.

ఈ సంగతి భానుశ్రీగారికి తెలియదు. ఆమె హైదరాబాదు నుంచి వచ్చిన దర్శకురాలు. ఒకప్పుడు లోకాన్ని వణికించిన పాత గ్రహాంతరవాసి సినిమాను ఈ కాలానికి తగ్గట్టు మళ్ళీ తీస్తూ, కిష్టారం అవతల అడవిలో ఒక పల్లెను ఎంచుకున్నారు. కొంట అనే ఊళ్ళో ఉప్పూ సబ్బులూ అమ్ముకునే నన్ను దుబాసీగా వెంటబెట్టుకున్నారు. (నాకు నాలుగు భాషలొచ్చు. ఆఫీసుల చుట్టూ తిరిగి, నాలుగింటిలోనూ "రేపు రా" అన్న మాటే ముందుగా నేర్చుకున్నాను.)

సీను తేలికైనదే. పళ్ళెం లాంటి ఓడ దిగుతుంది, పచ్చటి జీవి బయటికొస్తుంది, ఊరు కేకలు పెడుతూ పారిపోతుంది. క్రేను ఓడను దించింది. పచ్చ రబ్బరు తొడుగులో కిరణ్‌కుమార్ అనే నటుడు బయటికొచ్చాడు. ఊరంతా చేతిలో పని వదిలేసి, గబగబా వరుస కట్టి, చతికిలబడి కార్డులు చాపింది. మా వైపు ఆకాశం నుంచి దిగేది ఏదైనా సర్కారుదే మరి.

"కట్! పరిగెత్తమని చెప్పండి," అన్నారు భానుశ్రీ.

చెప్పాను. వరుసలో ముందు కూర్చున్న ముయా నన్ను జాలిగా చూశాడు. "పైనుంచి దిగినోళ్ళ ముందల ఉరుకుతరా సావుకారీ? ఉరికితే అనుమానిస్తరు గదా."

ఎన్నిసార్లు తీసినా కార్డులే. చివరికి కొందరు జిరాక్సులు కూడా తెచ్చారు.

ఆ వరుసలోంచి సోమి అనే అవ్వ లేచింది. ఆమె బాధ వేరు. ఏళ్ళ తరబడి ఇప్పపువ్వు ఏరి, తునికాకు కట్టలు కట్టి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో యంత్రం ఆ వేలిని ఒప్పుకోదు. వేలిని ఒప్పుకోకపోతే బియ్యం లేదు. వానాకాలం నుంచీ లేదు. తల్లి లేని మనవరాలూ తనూ అడవి దుంపలు ఉడకేసుకు తింటున్నారు. పచ్చటి మనిషి ఎంత పెద్ద సాబో ఏమో అనుకుని, నేరుగా వెళ్ళి తన వేలు చూపించింది.

కిరణ్‌కుమార్ కంగారుపడి, కథలో తనకున్న ఒకే ఒక్క మాట చెప్పాడు. "నన్ను మీ నాయకుడి దగ్గరికి తీసుకెళ్ళు."

"ఏంది సాబ్, ఇన్నాళ్ళ సంది నేనడిగేదీ అదే గదా," అంది సోమి. "ఆయన ఏడుంటడో నీకెరికైతే నువ్వే నన్ను తోలుకపో."

భానుశ్రీ కట్ చెప్పడం మరిచిపోయారు. నాకు ఏడుపొచ్చింది. దగ్గు అని సర్దుకున్నాను.

ఇంతలో రేషన్ దుకాణం ఉమామహేశ్ యంత్రాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు. ఊళ్ళో బస చేసే పరాయివాళ్ళందరినీ నమోదు చేసి బియ్యం ఇవ్వాలని అటవీ అంతరిక్ష అతిథి ఉపవిభాగం వారి ఆజ్ఞ. (ఉపవిభాగం ఉంది కదా, విభాగం ఏదని అడగకండి. వెతుకుతున్నారు.) సినిమావాళ్ళంతా వేలు పెట్టారు. కిరణ్‌కుమార్ తొడుగు విప్పాలంటే పూట గడిచిపోతుంది. అందుకని రబ్బరు వేలే పెట్టాడు.

యంత్రం కూ అని సంతోషంగా కూసింది. పేరు గ్రహాంతరవాసి, చిరునామా ఆకాశం, వృత్తి రాకపోకలు. బియ్యం మంజూరు.

"ఇదెక్కడి న్యాయమయ్యా!" అన్నాను, ఒళ్ళు మండి.

"సిస్టమ్ ఒప్పుకుందన్నా. కాదనేటందుకు నేనెవణ్ణి?" అని ఉమామహేశ్ సోమి వైపు తిరిగాడు. "నువ్వు గూడ పెట్టి చూడవ్వా."

సోమి పెట్టింది. యంత్రం మూగనోము పట్టింది.

"చూసినవా, లోపం మిషన్ల లేదు," అన్నాడు ఉమామహేశ్ నెమ్మదిగా.

భయపడే సీను కోసం భానుశ్రీ హైదరాబాదు నుంచి బస్సులో జనాన్ని దింపారు. వాళ్ళు చక్కగా భయపడ్డారు. సామాన్లు సర్దుకునే రోజు సోమి వచ్చి కిరణ్‌కుమార్‌ని ఒకటే అడిగింది.

"ఆ ఏలు ఇచ్చిపో సాబ్."

అతను తొడుగు చెయ్యి మొత్తం కోసి ఇచ్చాడు. సోమి దాన్ని గుడ్డలో చుట్టుకుని ప్రతినెలా దుకాణానికి వెళ్తుంది. పచ్చ వేలు పెడుతుంది, బియ్యం తెచ్చుకుంటుంది. మనవరాలి బుగ్గలు తేరుకున్నాయి.

మొన్న పైనుంచి తనిఖీ సాబు వచ్చాడు. మూట నెత్తిన పెట్టుకుని బయటికొస్తున్న సోమి పక్కకు తప్పుకుని ఆయనకు దారిచ్చింది. ఆయన లోపలికి వెళ్ళి, జాబితాలో గ్రహాంతరవాసి పేరు చూసి తృప్తిగా తలూపాడు. తర్వాత సోమి పేరు దగ్గర ఆగాడు. వానాకాలం నుంచీ వేలిముద్ర ఒక్కనాడూ పడలేదు. పేరు కొట్టేస్తూ ఉమామహేశ్‌ను గట్టిగా కోప్పడ్డాడు.

"లేని మనుషుల పేరు మీద బియ్యం రాస్తారా?"