అంచు లేని మరక

మా సిడార్ హాలో కాలనీని ఒహాయో రాష్ట్రంలోనే మొట్టమొదటి మరకరహిత కాలనీగా తీర్చిదిద్దబోతున్నట్టు మా ఇళ్ళ యజమానుల సంఘం ప్రెసిడెంటు వెండెల్ క్రాట్జ్ గారు జూలై నాలుగు స్వాతంత్ర్య దినోత్సవ విందులో, ఒక చేత్తో హాట్‌డాగ్, మరో చేత్తో మైకు పట్టుకుని ప్రకటించారు. మహానుభావుడు. చెత్తడబ్బా మూత ఏ దిక్కుకి తెరుచుకోవాలో మాకు నేర్పింది కూడా ఆయనే.

"గ్యారేజీ ముందు నేల ఇంటికి మొహంలాంటిది! ఆయిల్ మరకున్న నేల మీద ఏ బండీ నిలవడానికి వీల్లేదు. శుక్రవారం దాకా టైమిస్తున్నాను," అన్నారు.

అందరం చప్పట్లు కొట్టాం. కొట్టి, డార్లా ఫించ్ వైపు చూశాం.

డార్లా మా ఎదురింటావిడ. గడ్డి కోసే మిషన్లు పాత పికప్ ట్రక్కులో వేసుకుని ఊళ్ళో లాన్లు కోసి బతుకుతోంది. ట్రక్కు పోతే పని పోతుంది, పని పోతే ఇల్లు పోతుంది. ఆ ట్రక్కే ఆవిడ గ్యారేజీ ముందు కాంక్రీటు మీద పళ్ళెమంత నల్లమరక పెట్టింది.

"అందరూ నన్ను చూస్తారేంటి?" అంది డార్లా.

"నిన్నెవరేమన్నారమ్మా?" అన్నారు ప్రెసిడెంటు గారు ఆప్యాయంగా. "శుక్రవారం టోయింగ్ బండి వచ్చి నీ ట్రక్కు లాక్కెళ్తుంది, అంతేగా."

మర్నాడు పొద్దున్నే డార్లా ట్రక్కు కింద దూరి, ఆయిల్ చాంబర్ బోల్టుకి కొత్త ప్యాకింగ్ వేసి, పళ్ళ బిగువున బిగించింది. ఆయిల్ కారడం ఆగిపోయింది. తర్వాత మరక మీద పడింది. నేను సాయం చేద్దామని కాఫీ కప్పు, మడతకుర్చీ తీసుకెళ్ళాను. అప్పటికే సగం కాలనీ అక్కడుంది. ఆయిల్ మరక విషయంలో మా వాళ్ళలో ప్రతివాడూ డాక్టరే.

"పిల్లులు దొడ్డికెళ్ళే మట్టి చల్లి బూటుతో నలుపు. జిడ్డంతా పీల్చేస్తుంది," అన్నాడొకడు.

"కోలా పొయ్యి," అన్నాడింకొకడు.

"గిన్నెల సబ్బు!" అంది వాళ్ళావిడ.

పాపం, అన్నీ చేసింది. మట్టి చల్లి, నలిపి, ఊడ్చింది. ఆఖరికి జిడ్డు వదలగొట్టే మందు పోసి, గరుకు బ్రష్షుతో మోకాళ్ళు అరిగేలా తోమి, పైపుతో నీళ్ళు కొట్టింది. మరక మాయం! డార్లా నడుం పట్టుకుని లేచి నవ్వింది. నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే ప్రెసిడెంటు గారు వైస్ ప్రెసిడెంటు మ్యూరియల్‌తో తనిఖీకి వచ్చారు. ఆ నేలని చూసి నల్లకళ్ళద్దాలు తీశారు.

"ఇదేంటి?"

"మరక పోయిందండీ."

"నల్లమరక పోయింది. తెల్లమరక వచ్చింది."

"అయ్యయ్యో, అది మరక కాదండీ! కడిగిన చోటు!"

"చుట్టూ బూడిదరంగు, మధ్యలో తెలుపు. వేరే రంగుంటే మరకే. ఏమంటావ్ మ్యూరియల్?"

"మరకేనండీ," అంది మ్యూరియల్. ఆవిడ ఎప్పుడూ సొంతంగా ఆలోచించే మనిషి.

కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని డార్లా తలపట్టుకుంది. కానీ మొండిది. అద్దెకి ప్రెషర్ వాషర్ తెచ్చి నేల మొత్తం కడిగేసింది. కోడిగుడ్డులా తెల్లగా మెరిసింది. దాంతో వీధి వీధంతా పాచిమొహంతో కనిపించింది.

"మనదీ కడగొచ్చుగా? ఒక్క ఆడమనిషి చెయ్యగా లేంది!" అంది మా ఆవిడ. అప్పుడు నాకు డార్లా మీద ఒళ్ళు మండింది.

గురువారం సాయంత్రం ప్రెసిడెంటు గారి గ్యారేజీలో అత్యవసర సమావేశం పెట్టారు. అందరూ తమ తమ నేలలు కడుక్కోవాలా, లేక డార్లా తన నేలని మా రంగుకి తెచ్చుకోవాలా? మొదటిదానికి డార్లా ఒక్కతే చెయ్యెత్తింది. రెండోదానికి మేమందరం ఎత్తాం. ప్రజాస్వామ్యం చల్లగా ఉండాలి.

"మరి మన రంగు ఏది?" అని ఎవరో అడిగారు.

ఇంకేది? మరకన్నదే ఎరగని ప్రెసిడెంటు గారి నేల రంగే. ఈ మూల నుంచి ఆ మూల దాకా నిండు బూడిదరంగు. "పైన దుమ్ముంటుంది. అసలు రంగు తేలాలంటే కాస్త తోమాలి," అని మ్యూరియల్ ముచ్చటపడి మందు పోసింది, బ్రష్షుతో తోమింది, నీళ్ళు కొట్టింది. అరచెయ్యంత మేర కోడిగుడ్డులా తెల్లగా తేలింది. కడిగిన నీళ్ళు నల్లగా, రంగులు తేలుతూ కాలవలోకి పోయాయి.

అందరం కాలవలోకి తొంగిచూశాం.

"అంటే, ఇదంతా ఆయిలేనా?" అంది డార్లా. "మొత్తం నేలా?"

ప్రెసిడెంటు గారు ఏమాత్రం తొణకలేదు. ఆ తెల్లచోటు మీదికి పూలకుండీ జరిపారు.

"మరకంటే అంచుండాలమ్మా. అంచు లేనిది మరక కాదు, రంగు."

ఎంత మాట! చప్పట్లతో గ్యారేజీ దద్దరిల్లింది.

"పొద్దున్నే నీ ట్రక్కుని నీ నేల మీద ముందుకీ వెనక్కీ నడుపు. సమానంగా కారనియ్యి. మా రంగు వస్తే ట్రక్కు ఉంటుంది. లేదంటే టోయింగ్ బండి ఎలాగూ వస్తోంది."

"నా ట్రక్కు కారడం లేదండీ," అంది డార్లా. "బాగు చేసేశాను."

"తొందరపడ్డావు," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

శుక్రవారం పొద్దున టోయింగ్ బండి ఇంజిన్ ఆపకుండా వీధి చివర నిలబడింది. డార్లా ట్రక్కు కింద ఉంది, బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. నేను పానా అందించాను.

"బోల్టు కదలట్లేదు," అంది లోపల్నుంచి. "నేనే బిగించి చచ్చాను."

"బలం పెట్టమ్మా, నీ మంచికే," అన్నాను.

కిర్రుమంది. డార్లా బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ట్రక్కెక్కి స్టార్ట్ చేసింది. తెల్లటి నేల మీద మొదటి చుక్క పడగానే ప్రెసిడెంటు గారి కళ్ళు చెమర్చాయి.

"కాస్త ఎడమకి పోనీ తల్లీ! అంచు రానియ్యకు!"